మోకాలి చిప్ప కింద టెండన్ నొప్పి: చేత్తో ఎక్కడ నొక్కాలి, ఎంతసేపు, ఆ వెంటనే ఏం చెయ్యాలి

మెట్లు దిగుతుంటే, వాలీబాల్‌లో ఎగిరి దిగుతుంటే, కింద కూర్చుని లేస్తుంటే మోకాలి చిప్ప కింది అంచు దగ్గర ఒకే చోట పోటు. మన వైపు దీన్ని "నరం పట్టేసింది" అంటారు. అది నరం కాదు. తొడ ముందు కండరం చిప్ప మీదుగా వచ్చి, కాలి ముందెముకని పట్టుకునే బలమైన పట్టీ. చిప్ప కింది కొస నుంచి, దాని కింద చేతికి తగిలే ఎముక బుడిపె దాకా నాలుగైదు సెంటీమీటర్ల పొడవు, మూడు సెంటీమీటర్ల దాకా వెడల్పు ఉంటుంది. పేరు పటెల్లార్ టెండన్. ఆటగాళ్ళు జంపర్స్ నీ అనేది దీని నొప్పినే.

చేత్తో మర్దన చేస్తే తగ్గుతుందా అని అందరూ అడుగుతారు. నొప్పి తగ్గుతుంది, టెండన్ మాత్రం దానివల్ల బాగుపడదు. నొక్కినప్పుడు, సాగదీసినప్పుడు, చిప్పని కదిపినప్పుడు ఆ చోటు నుంచి వెళ్ళే నొప్పి కబురుని వెన్నుపాము, మెదడు కొంతసేపు పెద్దగా పట్టించుకోవు. అరగంటో గంటో, ఒక్కోసారి ఆ పూటంతానో మోకాలు తేలిగ్గా ఉంటుంది. లోపలి కొలాజెన్ పోగులు గట్టిపడాలంటే వాటి మీద బరువు పడాలి, అదీ నెలల తరబడి. అందుకే ఇక్కడ చెప్పేది చేతి పని పదిహేను నిమిషాలు, ఆ తేలిక పోకముందే కాలికి బరువు పని ఇరవై నిమిషాలు. మొదటిది చేయించుకుని రెండోది వదిలేసినవాళ్ళు ఆర్నెల్ల తర్వాత కూడా అదే బల్ల మీద పడుకుని ఉంటారు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. చేతి పనిలో ఎక్కువ భాగం నొప్పి ఉన్నచోట కాదు. దానికి పైన తొడలో, కింద పిక్కలో, మడమ కీలులో.

ముందు అది టెండనేనా చూడండి

నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి. వేలు నేరుగా చిప్ప కింది కొస మీదికి వెళ్తే టెండన్ అనుకోవచ్చు. అరచేత్తో మోకాలంతా నిమిరి "ఇక్కడంతా" అంటే అది వేరే సంగతి. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే, అంటే సినిమా హాల్లోనో, విజయవాడ వెళ్ళే రైల్లోనో చిప్ప వెనక నొప్పెడితే చిప్పకీ తొడ ఎముకకీ మధ్య కీలుని అనుమానించాలి. లోపలి వైపు, కీలుకి రెండంగుళాల కింద నొప్పి అయితే అక్కడ మూడు కండరాల కొసలు కలిసే చోటు ఒకటుంది. నడివయసు ఆడవాళ్ళలో, అరిగిన మోకాళ్ళతో పాటు అది తరచు కనిపిస్తుంది. బయటి వైపు నొప్పి పరుగెత్తేవాళ్ళకి వచ్చే ఐటీ బ్యాండ్‌ది, అంటే తొడ బయటి వైపు పొడుగునా ఉండే పట్టీది. చిప్ప పై అంచున అయితే క్వాడ్రిసెప్స్ టెండన్, అంటే తొడ ముందు కండరాన్ని చిప్పకి కలిపే పట్టీ. దానికి కింద చెప్పిన బరువు పని చాలావరకు పనికొస్తుంది గానీ, తర్వాత చెప్పే అడ్డ రుద్దుడు చోటు మారుతుంది.

పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ పిల్లలకి చిప్ప కింద బుడిపె ఉబ్బి నొప్పెడితే అది ఎదిగే ఎముక సమస్య. ఆ బుడిపెని రుద్దకూడదు. ఆట తగ్గించి డాక్టరుకి చూపించండి.

టెండన్‌ని తడిమే పద్ధతి ఉంది. కాలు చాపి, మోకాలి కింద చిన్న తువ్వాలు చుట్ట పెట్టి, తొడ పూర్తిగా వదులుగా ఉంచాలి. ఒక చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న వంపుతో చిప్ప పై అంచుని కిందికి, అంటే పాదం వైపు తొయ్యండి. చిప్ప కింది కొస కాస్త పైకి లేస్తుంది. రెండో చేతి చూపుడువేలితో ఆ లేచిన కొస అడుగు భాగాన్ని తడమండి. తెలిసిన పోటు అక్కడే తగలాలి. ఇప్పుడు మోకాలు సగం పైగా మడిచి అదే చోట మళ్ళీ నొక్కండి. నొప్పి బాగా తగ్గితే టెండన్ అన్న అనుమానం ఇంకా బలపడుతుంది, ఎందుకంటే మడిచినప్పుడు పైపొర పోగులు బిగుసుకుని అడుగు పోగుల్ని కాస్తాయి. ఒకటి గుర్తుంచుకోవాలి. ఏ నొప్పీ లేని ఆటగాళ్ళకి కూడా అక్కడ గట్టిగా నొక్కితే కొంచెం నొప్పెడుతుంది. అందుకని రెండో మోకాలితో పోల్చి చూడాలి. వేలి నొప్పి ఒక్కటే చాలదు, బరువు పడినప్పుడు కూడా అదే చోట రావాలి.

టెండన్ నొప్పికి ఒక తీరుంది. ఊరికే కూర్చుంటే ఉండదు. ఆట మొదట్లో కొంచెం, వేడెక్కాక దాదాపు ఉండదు, మర్నాడు పొద్దున మంచం దిగితే బిగుసుకుని ఉంటుంది. ఆట మధ్యలో తగ్గింది కదా అని ఇంకో గంట ఆడేవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

చెయ్యి వెయ్యకూడని మోకాలు

ఎగిరినప్పుడు "టప్" మని చప్పుడై, ఆ తర్వాత పడుకుని కాలు నిటారుగా పైకి లేపలేకపోతే టెండన్ తెగి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, వారం ఆగితే శస్త్రచికిత్స కష్టమవుతుంది. మోకాలు వాచి వేడిగా ఉండి జ్వరం ఉంటే, మోకాలు మధ్యలో ఇరుక్కుపోతుంటే, రాత్రి పడుకున్నా నొప్పి నిద్రలేపుతుంటే మర్దన పెట్టుకోకండి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, నొక్కితే నొప్పిగా, వేడిగా ఉంటే అది రక్తనాళంలో గడ్డ కావచ్చు. ఆ కాలిని పిసకడం ప్రాణానికే ప్రమాదం.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి గట్టి ఒత్తిడి వద్దు, లోపల నెత్తురు కమిలిపోతుంది. పాదాల్లో స్పర్శ తగ్గిన షుగర్ రోగులకి ఎంత నొక్కుతున్నామో వాళ్ళకే తెలియదు, కాబట్టి చేసేవాళ్ళే తగ్గించి చెయ్యాలి. ఉబ్బిన సిరల మీద నొక్కకూడదు.

ఈమధ్య సిప్రోఫ్లాక్ససిన్, లెవోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్ వాడారా అని తప్పకుండా గుర్తు చేసుకోండి. విరేచనాలకీ, మూత్రం మంటకీ మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో ఇవి ఉంటాయి. ఈ రకం మందులు టెండన్ని బలహీనపరిచి తెంపగలవని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో వాటికి అత్యంత గట్టి హెచ్చరిక పెట్టించింది. అవి వాడుతుండగా టెండన్ నొప్పి మొదలైతే మర్దన, వ్యాయామం రెండూ ఆపి, మందు రాసిన డాక్టరుకి వెంటనే చెప్పాలి.

ఒక నోటుబుక్కు, మూడు అంకెలు

చేతి పనికి ముందు మూడు కొలతలు రాసుకోవాలి. అవి లేకుండా "కాస్త బాగుంది" అనే మాటకి విలువ లేదు.

మొదటిది, ఒంటికాలి గుంజీ. నొప్పి ఉన్న కాలి మీద నిలబడి, గోడకి ఒక చెయ్యి ఆనించి, నెమ్మదిగా మోకాలు సగం వంచి లేవండి. నొప్పి సున్నా నుంచి పదిలో ఎంతో రాయండి. ఏటవాలు చెక్క మీద చేస్తే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది. వడ్రంగి దగ్గర 40 సెంటీమీటర్ల పొడవు చెక్క తీసుకుని, మడమ వైపు అంచు 17 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేలా కొట్టిస్తే 25 డిగ్రీల వాలు వస్తుంది. పైన ఎమిరీ పేపర్ అంటించమనండి. మన ఊరి ఉక్కకి అరికాలు చెమట పట్టి జారుతుంది.

రెండోది, మడమ కొలత. చెప్పులు లేకుండా గోడకి ఎదురుగా నిలబడి, మడమ నేల మీంచి లేవకుండా మోకాలు గోడకి తగిలించాలి. కాలి బొటనవేలు గోడకి ఎన్ని సెంటీమీటర్ల దూరం దాకా వెళ్ళగలిగితే అంత. రెండు కాళ్ళకీ తీయండి. పది కంటే బాగా తక్కువున్నా, రెండిటికీ రెండు మూడు సెంటీమీటర్ల తేడా ఉన్నా మడమ కీలు బిగుసుకుని ఉన్నట్టే. మడమ వంగకపోతే ఎగిరి దిగిన దెబ్బని పిక్క సరిగా మింగలేదు, అది మోకాలి మీద పడుతుంది.

మూడోది, బోర్లా పడుకుని మడమని పిర్రకి ఎంత దగ్గరగా తేగలమో ఆ దూరం. నడుము పైకి లేవకూడదు.

తొడ: అయిదారు నిమిషాలు

తొడ ముందు కండరం బిగుసుకుంటే టెండన్ని పొద్దస్తమానం పైకి లాగుతుంటుంది. నొప్పి వచ్చిన మోకాలిని కాచుకోవడానికి అదే కండరం ఇంకా బిగుసుకుంటుంది. అందుకే ఇక్కడ పెట్టిన నిమిషాలు వృథా పోవు.

మంచం మీద వెల్లకిలా పడుకుని, మోకాలి కింద తువ్వాలు చుట్ట. నువ్వుల నూనె గానీ కొబ్బరి నూనె గానీ ఒక చెంచా చాలు, ఎక్కువైతే చెయ్యి జారి లోతుకి వెళ్ళదు. చేసేవాళ్ళు ముంజేతి మెత్తటి భాగాన్ని చిప్పకి నాలుగు వేళ్ళ పైన ఆనించి, ఒంటి బరువు దాని మీదికి వాల్చి, గజ్జల వైపు నెమ్మదిగా జరపాలి. ఒక్కో సారికి అయిదారు సెకన్లు. తొడ మధ్య గీతన అయిదు సార్లు, బయటి వైపు అయిదు సార్లు, లోపలి వైపు తేలిగ్గా మూడు సార్లు. గజ్జల మడతకి నాలుగు వేళ్ళ కిందే ఆపెయ్యాలి. అక్కడ నాడి కొట్టుకునే పెద్ద రక్తనాళం ఉంది.

జరుపుతుంటే తాడులా చేతికి తగిలే చోట్లు రెండో మూడో దొరుకుతాయి. ఎక్కువగా తొడ మధ్యలో, బయటి వైపు. అక్కడ ఆగి, బొటనవేలితో పొడవకుండా మణికట్టు మడతతో 30 నుంచి 60 సెకన్లు నొక్కి పట్టుకోండి. కింద కండరం మెత్తబడుతున్నట్టు అనిపించగానే వదిలెయ్యాలి.

ఎంత గట్టిగా? పదిలో అయిదు. నొక్కించుకునేవాళ్ళు మామూలుగా మాట్లాడుతూ ఉండగలగాలి. ఊపిరి బిగబట్టినా, కాలి వేళ్ళు ముడుచుకున్నా ఎక్కువైనట్టు. "ఇంకా గట్టిగా నొక్కు మావా, తట్టుకుంటా" అని ఆటగాళ్ళు అడుగుతారు, వినకండి. నొప్పికి కండరం ఎదురు తిరిగి బిగిస్తే ఆ అయిదు నిమిషాలూ దానితో కుస్తీయే అవుతుంది. మర్నాడు తొడ నల్లగా కమిలితే అది మంచి మర్దనకి గుర్తు కాదు.

తోడు ఎవరూ లేకపోతే కుర్చీలో కూర్చుని చపాతీ కర్రతో తొడ మీద మీరే చేసుకోవచ్చు. తొడ మీద మాత్రమే. చిప్ప మీద, టెండన్ మీద కర్ర పెట్టకండి.

చిప్పని కదపడం: నాలుగు నిమిషాలు

ఇది చూడ్డానికి చిన్న పనే గానీ ఎక్కువమంది తప్పు చేసేది ఇందులోనే. తొడ కండరం కొంచెం బిగిసి ఉన్నా చిప్ప కదలదు. మొదలుపెట్టే ముందు చిప్పని రెండు వేళ్ళతో పట్టి అటూ ఇటూ ఆడించి చూడండి. నీళ్ళ గిన్నెలో తేలే మూతలా సులువుగా ఊగాలి. ఊగకపోతే తువ్వాలు చుట్ట ఎత్తు సరిచెయ్యండి, మడమ పరుపుకి ఆనిందో లేదో చూడండి, "కాలు నాకు వదిలెయ్యండి" అని చెప్పి ఇంకో నిమిషం ఆగండి.

ఇప్పుడు రెండు బొటనవేళ్ళు చిప్ప ఒక అంచున, రెండు చూపుడువేళ్ళు ఎదుటి అంచున పెట్టి లోపలికీ బయటికీ జరపండి. అంచు దాకా వెళ్ళి, అక్కడ సెకనుకి ఒకసారి చిన్న చిన్న ఊపులు. ఒక్కో వైపు 30 సెకన్లు. తర్వాత అరచేతి వంపుతో పై అంచుని పట్టి పాదం వైపు 30 సెకన్లు. చివరికి కింది అంచు రెండు పక్కలా వేళ్ళు ఆనించి తొడ వైపు 30 సెకన్లు. ఈ చివరిది టెండన్ని నేరుగా సాగదీస్తుంది కాబట్టి నొప్పి పదిలో మూడు దాటితే మానెయ్యండి. అంతా అయ్యాక ఇంకో విడత.

చేసే తప్పేమిటంటే, పక్కకి జరపాల్సిన చిప్పని కిందికి అదిమేస్తారు. చిప్ప వెనక తొడ ఎముక ఉంది, రెండూ రాసుకుంటే కరకరలాడుతూ మోకాలు మంట పుడుతుంది. మీ చేతులు మంచానికి సమాంతరంగా కదలాలి.

టెండన్ మీద అడ్డ రుద్దుడు: కావాలంటేనే

ఇది ఇంగ్లండు వైద్యుడు జేమ్స్ సిరియాక్స్ వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి. పోగులకి అడ్డంగా, లోతుగా రుద్దడం. పోగులు అతుక్కుపోయాయి, రుద్దితే విడిపోతాయి అని చెప్పేవాళ్ళు. అలా విడిపోతాయనడానికి గట్టి ఆధారం లేదు. 2004లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో దీర్ఘకాలంగా ఈ నొప్పి ఉన్నవాళ్ళకి ఒక గుంపుకి వ్యాయామం, ఒక గుంపుకి అల్ట్రాసౌండ్, ఒక గుంపుకి అడ్డ రుద్దుడు ఇచ్చి చూస్తే వ్యాయామం చేసినవాళ్ళే బాగా ముందున్నారు. మా అభిప్రాయంలో దీన్ని వదిలేసినా నష్టం లేదు. కొందరికి దీనివల్ల ఆ చోటు కాసేపు మొద్దుబారి, తర్వాత బరువు పని సులువవుతుంది కాబట్టి పద్ధతి చెబుతున్నాం.

పైన తడిమిన భంగిమే: కాలు చాపి, చిప్ప పై అంచుని తోసి కింది కొసని లేపాలి. చూపుడువేలి మీద మధ్యవేలు ఎక్కించి, నొప్పి చోట ఆనించి, అడ్డంగా, ఒక సెంటీమీటరు మేర అటూ ఇటూ కదపాలి. నూనె వద్దు. వేలు చర్మం మీద జారకూడదు, వేలూ చర్మమూ కలిసి కింది టెండన్ మీద కదలాలి. చెమటకి జారుతుంటే పలచటి నూలు గుడ్డ మధ్యలో పెట్టుకోండి. మీ వేలి గోరు కొస తెల్లబడేంత ఒత్తిడి చాలు. మొదటిసారి రెండే నిమిషాలు. మొదటి నిమిషంలో పుట్టిన నొప్పి రెండో నిమిషానికి తగ్గాలి. పెరుగుతుంటే ఆపెయ్యాలి, ఆ రోజుకి అంతే. ఇంట్లో అయితే అయిదు నిమిషాలు మించొద్దు. ఒకసారికీ ఇంకోసారికీ మధ్య 48 గంటలు ఉండాలి.

చెడిపోయే దారులు మూడున్నాయి. నూనె మీద రుద్దితే చర్మం ఒలిచి బొబ్బ కడుతుంది. నొప్పి బామ్ రాసి రుద్దితే అదే బొబ్బ ఇంకా మండుతుంది. టెండన్‌కి ఇరుపక్కలా మెత్తగా తగిలేది కొవ్వు మెత్త, మోకాలిలో చాలా సున్నితమైన చోటు. వేలు అక్కడికి జారితే టెండన్ కంటే అదే ఎక్కువ రోజులు బాధపెడుతుంది. ఇక గత వారమే ఆట ఒక్కసారిగా పెంచి, టెండన్ కొత్తగా ఉబ్బి ఉన్నవాళ్ళకి అడ్డ రుద్దుడు అసలు చెయ్యకూడదు.

పిక్క, మడమ, తొడ మొదలు

మడమ కొలత తక్కువ వచ్చినవాళ్ళకే ఇది. పిక్కని తొడలాగే మడమ నుంచి మోకాటి వెనక మడతకి నాలుగు వేళ్ళ కింది దాకా రెండు నిమిషాలు. తర్వాత బలమైన రబ్బరు బ్యాండ్ ఒక కొస గేటుకో బరువైన మంచం కోడుకో నేలకి దగ్గరగా కట్టి, రెండో కొస మడమ కీలు ముందు, చీలమండ ఎముకలకి కాస్త కిందుగా వేసుకోండి. బ్యాండ్ పాదాన్ని వెనక్కి లాగుతుండగా మోకాలుని వేళ్ళ మీదుగా ముందుకి వంచి తీసుకురావాలి, పది సార్లు, మూడు విడతలు. మడమ లేవకూడదు. బ్యాండ్ ముందెముక మీదికి ఎక్కితే లాగేది కీలుని కాదు, కాలుని. కీలు ముందు భాగంలో గుచ్చినట్టు నొప్పి వస్తే ఆపండి.

తొడ మొదలు బిగువుకి: మంచం అంచున కూర్చుని వెనక్కి పడుకోండి. బాగున్న మోకాలుని ఛాతీకి హత్తుకుని, నొప్పి కాలుని అంచు నుంచి వేలాడెయ్యండి. తోడున్నవాళ్ళు ఆ తొడ మీద చెయ్యి ఆనిస్తే, మీరు కొద్ది బలంతోనే పది సెకన్లు పైకి తోసి వదిలెయ్యాలి. అప్పుడు 20 సెకన్లు కిందికి జారనివ్వండి. మూడు సార్లు చాలు.

మళ్ళీ కొలవండి, వెంటనే బరువు పెట్టండి

లేచి ఒంటికాలి గుంజీ మళ్ళీ తియ్యండి. ఆరు ఉన్నది నాలుగో మూడో అయితే చేతి పని మీకు పనికొచ్చినట్టు. రెండంకెలు కూడా తగ్గకపోతే మర్నాటి విడతలో ఒక పద్ధతి మార్చి చూడండి. మూడు విడతలైనా ఏ పద్ధతికీ అంకె కదలకపోతే చేతి పని మానేసి బరువు పనే చేసుకోండి. అలాంటి మోకాళ్ళు ఉంటాయి, అవీ బాగుపడతాయి.

మొదటి రెండు వారాలు కదలకుండా పట్టుకునే బరువు. బళ్ళో మాస్టారు వేయించిన గోడకుర్చీయే ఇది. వీపు గోడకి ఆనించి, తొడలు నేలకి సమాంతరం కాకుండా ఇంకొంచెం పైనే ఆపి, 45 సెకన్లు. రెండు నిమిషాలు విశ్రాంతి. మొత్తం అయిదు సార్లు. రెండు కాళ్ళతో సులువైతే బరువంతా నొప్పి కాలి వైపు వాల్చండి. జిమ్‌కి వెళ్ళేవాళ్ళు లెగ్ ఎక్స్‌టెన్షన్ మీద మోకాలు 60 డిగ్రీల వంపులో పట్టుకోవచ్చు, మీ గరిష్ఠ బలంలో 70 శాతం బరువుతో. 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు వాలీబాల్ ఆటగాళ్ళ మీద సరిగ్గా ఈ అయిదు సార్లు, 45 సెకన్ల కొలతే వాడితే 45 నిమిషాల దాకా నొప్పి బాగా తగ్గింది. తర్వాతి పరిశోధనల్లో అందరికీ అంతగా తగ్గలేదు, కాబట్టి మీ అంకె మీరే చూసుకోవాలి. ఊపిరి బిగబట్టకండి, బీపీ ఉన్నవాళ్ళు మరీను.

తర్వాత అసలు పని, నెమ్మదిగా బరువు ఎత్తడం. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. గుంజీ, లెగ్ ప్రెస్ లాంటివి రెండు మూడు రకాలు, ఒక్కోటి నాలుగు విడతలు. దిగడానికి మూడు సెకన్లు, లేవడానికి మూడు సెకన్లు, మనసులో లెక్కపెట్టుకుంటూ. మొదట 15 సార్లకి మించి ఎత్తలేని బరువు, రెండు మూడు వారాలకోసారి బరువు పెంచి సార్లు తగ్గిస్తూ 12, 10, 8, చివరికి 6. మొత్తం 12 వారాలు. జిమ్ లేకపోతే వీపు సంచిలో పది కిలోల బియ్యం వేసుకుని ఒంటికాలి గుంజీలు, ఏటవాలు చెక్క మీద గుంజీలు. పది కిలోలు సులువైతే ఇరవై. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. నొప్పి తగ్గిందని బరువు పెంచరు, టెండన్ అక్కడే ఉండిపోతుంది.

చేసేటప్పుడు నొప్పి పదిలో మూడు నాలుగు దాకా ఫరవాలేదు. అసలు తీర్పు మర్నాడు పొద్దున. అదే ఒంటికాలి గుంజీ తియ్యండి. ముందు రోజు కంటే రెండు పెరిగితే నిన్నటి బరువు ఎక్కువైందని. తర్వాతి రోజు మూడో వంతు తగ్గించండి, పూర్తిగా మాత్రం మానకండి. మంచం పట్టిన కాలికి కండరం కరుగుతుంది, టెండన్ ఇంకా బలహీనపడుతుంది.

టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ గురించి అడిగేవాళ్ళకి: డెన్మార్క్ పరిశోధకులు 2009లో ప్రచురించిన దానిలో ఇంజక్షన్ చేయించుకున్నవాళ్ళకి 12 వారాల దాకా బాగుంది, ఆర్నెల్లకి వెనక్కి జారింది. నెమ్మదిగా బరువు ఎత్తినవాళ్ళది నిలబడింది. టెండన్ తెగే ప్రమాదం కూడా ఇంజక్షన్‌తో ఉంది.

మన విశాఖలో కాలికి పడే బరువులు

ఆర్కే బీచ్‌లో పరుగెత్తేవాళ్ళు అలల అంచున పరుగెత్తుతారు, అక్కడ ఇసుక గట్టిగా ఉంటుందని. కానీ ఆ నేల సముద్రం వైపు వాలి ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. నొప్పి ఉన్న నెలల్లో బీచ్ రోడ్డు కాలిబాటే మేలు. వాలీబాల్‌కి మాత్రం లెక్క వేరు, సిమెంటు కోర్టు మీద దిగడం కంటే ఇసుకలో దిగితే మోకాలికి దెబ్బ తక్కువ.

టెండన్‌కి మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టం. సింహాచలం మెట్ల దారిన ఎక్కి, దిగేటప్పుడు దేవస్థానం బస్సు ఎక్కండి. కైలాసగిరికీ అదే.

ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. సమతల నడక ఈ టెండన్ని పెద్దగా కష్టపెట్టదు, ఒక్కసారిగా అంత దూరం నడవడమే కష్టపెడుతుంది. ఉగాది దాటగానే బరువు పని మొదలుపెడితే 12 వారాలు చేతిలో ఉంటాయి. దానితో పాటు వారానికి ఒక పొడవు నడక పెట్టుకోండి. ఆరు కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి ఒకటి రెండు పెంచుకుంటూ, ప్రదక్షిణకి పది రోజుల ముందు ఇరవై దాకా రండి. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టే ముందు తొడకి అయిదు నిమిషాల మర్దన, గోడకుర్చీ రెండు సార్లు చాలు. ఆ రోజు అడ్డ రుద్దుడు వద్దు.

ఆటకి తిరిగి వెళ్ళే రోజు క్యాలెండర్‌లో ఉండదు. నొప్పి కాలి మీద పది ఏటవాలు గుంజీలు మూడు లోపు నొప్పితో తియ్యగలగాలి, రెండు కాళ్ళూ దాదాపు ఒకే బరువు ఎత్తాలి. అప్పుడు మూడు రోజులకి ఒకసారి ఎగరడం మొదలుపెట్టి, ఎన్నిసార్లు ఎగిరారో లెక్కపెట్టండి. మొదటి రోజు ముప్పై చాలు.

12 వారాలు నిజంగా బరువు పెంచుతూ చేసినా ఒంటికాలి గుంజీ అంకె కదలకపోతే కేజీహెచ్‌లో గానీ, హనుమంతవాక దగ్గరి విమ్స్‌లో గానీ ఎముకల డాక్టరుకి చూపించుకోండి. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో టెండన్ లావుగా, నల్ల మచ్చలతో కనిపించినంత మాత్రాన కంగారు పడొద్దు, ఏ నొప్పీ లేని ఆటగాళ్ళ స్కాన్లలో కూడా అలాంటివి కనిపిస్తాయి. వెళ్ళేటప్పుడు ఆ నోటుబుక్కు పట్టుకెళ్ళండి. మొదటి రోజు మూడు అంకెలు, ప్రతి వారం ఎత్తిన బరువు, మర్నాటి పొద్దుటి అంకె, వాడిన మందుల పేర్లు అందులో ఉంటే డాక్టరు అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే దొరుకుతుంది.